పాలపన్నులో పురుగు

సింధనూరు నుంచి రాయచూరు వెళ్లే బస్సులో, చెంప వాచిన కూతుర్ని ఒళ్లో పెట్టుకుని ఒకామె నా పక్కన కూర్చుంది. పాలపన్ను పీకకుండా, వేరు లోపల శుభ్రం చేసి మూసేస్తానని రాయచూరు డాక్టరు చెప్పాడట. ఊళ్లోవాళ్లేమో పంటికి పొగపెట్టి పురుగుల్ని రాలిస్తే చాలన్నారట. పంటిలో పురుగులుండవనీ, పొగపెట్టి వాటిని రాల్చడం వట్టి మోసమనీ నేను కల్లూరు దాకా వాదించాను.

పిల్ల నా మాట నమ్మలేదు. "అమ్మా, డాక్టర్ సాబ్ మూసేస్తే పురుగు లోపల్నే ఉంటది గదనే? నేను నోరు తెరువ."

రాత్రంతా నిద్రలేని తల్లి కళ్లు మూసుకునే చెప్పింది: "మూస్తే దానికి గాలాడదు, సస్తది. నువ్వు నోరు తెరిస్తే సాలు."

పిల్ల ఆలోచించి, సరేనని తలూపి నిద్రపోయింది. నేను మళ్లీ మొదలుపెట్టబోయాను.

"జర ఊకోండ్రి సారూ. ఇయ్యాల్టికి పురుగును ఉండనియ్యుర్రి" అంది తల్లి.

ఏ సభలోనూ ఎవరికీ తగ్గనివాణ్ణి, రాయచూరు వచ్చేదాకా పిల్ల లేవకుండా మెల్లగా కిటికీ మూసి కూర్చున్నాను.