కమలవ్వ చూసిన మంథని

మంథనిలో కమలవ్వ నడవగా చూసినవాళ్లు తక్కువ. ఎప్పుడూ ఉరుకుతూనే ఉండేది. అత్త దగ్గర మంత్రసానితనం నేర్చి, ముప్పై ఏళ్లుగా ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా కొంగు నడుముకు చుట్టి బయలుదేరేది. "ఎవరింటికవ్వా?" అని ఎవరైనా అడిగితే ఆగకుండానే జవాబు చెప్పేది. సగం వాళ్లకందేది, సగం గాలిలో పోయేది.

1961 ఎండాకాలంలో ఆమె డ్రాయింగ్ సారు అంబదాస్ ఇంటికి వెళ్లింది. ఆయన భైంసా నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది. భార్య నర్మదకు ఎనిమిదో నెల. కడుపు చూసి, "తల కిందికే ఉన్నది, ఫికర్ చెయ్యకు బిడ్డా" అని లేస్తుంటే, గోడ వైపు తిప్పి నిలబెట్టిన పెద్ద బొమ్మ కనిపించింది.

"గదేంది సారూ, దానికి గట్ల శిక్ష ఏసినవ్?"

అంబదాస్ నవ్వలేదు. నూనె రంగులతో తాను వేసిన మంథని బొమ్మ అది. గ్రంథాలయంలో పెట్టిస్తే అందరూ నవ్వారట. ఇండ్లు కల్లు తాగినయా అని ఒకరు, ఆకాశానికి కామెర్లా అని ఇంకొకరు. బియ్యం వ్యాపారి కైలాసమైతే, చిన్న పిల్లలే నయం అన్నాడట. నాలుగో రోజుకే బొమ్మను ఇంటికి మోసుకొచ్చాడు.

కమలవ్వ దాన్ని ఇటు తిప్పింది. పసుపు ముద్దలాంటి ఆకాశం. రెండు పక్కలా మీదికి ఒరుగుతున్న నీలి గోడలు. మధ్యలో మెలికలు తిరిగిన ఎర్రటి సందు. చివర బురదలా దట్టంగా మెత్తిన గోదావరి. ఆమె బొమ్మ మీద వేలు పెట్టి చూపసాగింది.

"గిది పోస్టాఫీసు. గిది శంకరవ్వోళ్ల ఇల్లు, వాకిలి గిట్లనే నోరు తెరుస్తది."

"నువ్వెట్ల గుర్తుపట్టినవ్?" అన్నాడు అంబదాస్.

"నేను ఉరికేటప్పుడు ఊరు గిట్లనే ఉంటది సారూ. గోడలు మీదికొస్తయి, ఎంత ఉరికినా బాట ఒడువది. మెల్లగ నడిచేటోళ్లకే అన్నీ నిటారుగ కనబడతయి. నిజం చెప్పు, నువ్వు గీ ఊళ్లె ఎప్పుడు ఉరికినవ్?"

అంబదాస్ భార్య వైపు చూశాడు. "వచ్చిన వారానికే నర్మద సోయి తప్పింది. డాక్టర్ కోసం ఉరికిన. ఏ తలుపు కొట్టాల్నో తెల్వలే."

"నాకు చెప్పనే లేదు!" అంది నర్మద. ఆమె కళ్లలో నీళ్లు, పెదవుల మీద నవ్వు.

నెల తిరగకుండానే ఒక పొద్దున ఆడపిల్ల పుట్టింది. చీర పెట్టబోతే కమలవ్వ వద్దంది, బొమ్మ అడిగి తీసుకుంది. ఆమె అరుగు మీది గోడకు వేలాడుతున్న ఆ బొమ్మలో ఆడవాళ్లంతా తమ ఇండ్లు వెతుక్కోసాగారు. చివరికి కైలాసమూ వచ్చాడు.

"నా ఇల్లేది?"

"గీ వంగినదే సావుకారీ. కొడుకు పుట్టేనాడు ఒంటి చెప్పుతోని నన్ను పిలువ ఉరికొచ్చినవ్ గదా! గప్పుడు నీ ఇల్లు జరన్న నిటారుగుండెనా?"

కైలాసం వంగి వంగి చూశాడు. "అవు," అన్నాడు, "గిట్లనే ఉండె."

మరుసటేడు గ్రంథాలయంవాళ్లే అడిగి సారుతో ఇంకో బొమ్మ వేయించుకున్నారు. గోదావరి ఒడ్డు, పడవలు, ఎండ. అందరూ మెచ్చుకున్నారు. కమలవ్వ మాత్రం పెదవి విరిచింది.

"మంచిగనే ఉన్నది గని సారూ, గిది గీసేటప్పుడు నీకు ఏ పరేషానూ లేదు."

"లేదవ్వా," నవ్వాడు అంబదాస్. "బిడ్డ పక్కన నిద్రపోతుండె."

"అయితే గట్లనే ఉండనీ," అని ఆమె కొంగు బిగించి కుమ్మరివాడ దిక్కు ఉరికింది.