గంజాయి కోసం ఆల్బకర్కీ ప్రయాణం

లాస్ క్రూసెస్ నుంచి ఆల్బకర్కీకి ఆ రోజు మేం వెళ్లింది గంజాయి కోసం. ముందే చెప్పేశాను కాబట్టి ముక్కున వేలేసుకునేవాళ్లు ఇప్పుడే వేసుకోవచ్చు. ఎనభయ్యో దశకం మొదట్లో సంగతి ఇది. మావారికి గ్లాకోమా. కంటి లోపల ఒత్తిడి పెరిగి, చూపునిచ్చే నరం కొంచెం కొంచెంగా చచ్చిపోయే జబ్బు. ఎడమకంటికి ఆపరేషన్ చేయించాం, అది కుదరలేదు, ఆ కన్ను పోయింది. మిగిలిన కుడికంటికీ చుక్కల మందులు పనిచేయడం మానేశాయి. ఎదురుగా ఉన్నది బాగానే కనిపించేది కానీ పక్కనున్నది కనిపించేది కాదు. మంచినీళ్ల గ్లాసు చెయ్యి తగిలి పడిపోయేది, తలుపు అంచులకి భుజం కొట్టుకునేది. ఆయన కాలువల ఇంజినీరు. రోజంతా డ్రాయింగులు చూడటమే ఉద్యోగం. ఆ ఒక్క కన్నూ పోతే ఎలా అన్న మాట ఇద్దరి మనసులోనూ ఉండేది, ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

అప్పటికి మా న్యూ మెక్సికో రాష్ట్రంలో ఒక చట్టం వచ్చింది. కాన్సర్ మందులతో వాంతులయ్యేవాళ్లకీ, గ్లాకోమా ఉన్నవాళ్లకీ పరిశోధన కింద గంజాయి సిగరెట్లు ఇవ్వొచ్చని. మా కంటి డాక్టరు అప్లికేషన్ పెట్టారు. కాగితాలు నెలల తరబడి ఆ ఆఫీసుకీ ఈ ఆఫీసుకీ తిరిగి, చివరికి ఆల్బకర్కీలో ఒక ఆస్పత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ఒక రోజంతా అక్కడ ఉండి, వాళ్ల ముందు రెండుసార్లు తాగాలి. కంటి ఒత్తిడి దిగితే మందు ఇస్తారు. దిగకపోతే ఈ కంటికీ ఆపరేషనే. మొదటి కంటికి ఏం జరిగిందో తెలిసినవాళ్లం కాబట్టి ఆ ఆఖరి వాక్యం నేను ఆయనకి చదివి వినిపించలేదు. ఆయనే ఉత్తరం లాక్కుని, కంటికి ఆనించుకుని చదువుకున్నారు.

"ఇండియన్ అసోసియేషన్‌లో ఎవరికైనా తెలిస్తే ఏటనుకుంటారు? గ్రీన్ కార్డ్ ఏటవుద్ది?" అన్నారు. శ్రీకాకుళం మనిషి. కంగారు పడితే ఇంజినీరింగ్ డిగ్రీ వెనక్కి వెళ్లి ఊరి మాట ముందుకొస్తుంది.

"కళ్లు పోయాక గ్రీన్ కార్డ్ ఏ రంగో మీకు నేనే చెప్పాలి. పదండి," అన్నాను. మాది తెనాలి, మెత్తగా మాట్లాడటం మాకు రాదు.

ఆగస్టు చివరి వారం. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. రెండు వందల పాతిక మైళ్లు, ఇంటర్‌స్టేట్ ట్వెంటీఫైవ్ మీద తిన్నగా ఉత్తరానికి. అప్పట్లో యాభై అయిదు మైళ్ల స్పీడ్ లిమిట్ కాబట్టి నాలుగ్గంటల పైమాటే. డాక్టరు మావారిని డ్రైవ్ చేయొద్దన్నాక నేను లైసెన్స్ తీసుకుని అప్పటికి నాలుగు నెలలు. హైవే మీద అంత దూరం నడపడం అదే మొదలు. పక్క సీటులో కూర్చున్న ఆయనకి అద్దంలో ఏమీ కనబడదు, అయినా "లేన్ మారకు, వెనకాల ట్రక్కు ఉంటాది" అని చెబుతూనే ఉన్నారు. ఊరు దాటిన కాసేపటికి బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ వచ్చింది. దక్షిణం నుంచి పైకి వెళ్లే బండ్లన్నీ అక్కడ ఆగాలి, కాగితాలు చేతిలో ఉంచుకోవాలి. టార్చ్‌లైట్ పట్టుకుని ఒక ఆఫీసరు ఎక్కడికని అడిగాడు. మావారు అబద్ధం ఆడలేరు. ఆస్పత్రి ఉత్తరం తీసి చూపించబోతుంటే నేను తొడ మీద గిల్లి, "కంటి డాక్టర్ దగ్గరికి" అని చెప్పాను. అది కూడా నిజమే కదా. ఆఫీసరు గ్రీన్ కార్డులు చూసి వెళ్లమన్నాడు.

ఏడుంబావుకి సొకోరోలో ఆగాం. ట్రక్కు డ్రైవర్లు ఆగే చిన్న హోటల్లో రెండు కాఫీలు, రెండు టోస్టులు, అన్నీ కలిపి మూడు డాలర్ల లోపే. వడ్డించే పెద్దావిడ మావారు కప్పు కోసం బల్ల మీద తడుముకోవడం చూసింది. ఏమీ అడగకుండా కప్పు తీసి ఆయన చేతికే అందించి, "వేడిగా ఉంది, నాయనా" అంది. ఆయన థాంక్యూ చెప్పి తలదించుకున్నారు. కొత్తవాళ్లకి కూడా తెలిసిపోతోందని అప్పుడే ఆయనకి అర్థమైనట్టుంది. మళ్లీ కారెక్కాక ట్రక్కుల గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆయన సణుగుడు ఆగిపోతే నాకెంత భయమో నాకూ అప్పుడే తెలిసింది.

తొమ్మిదికి ఆస్పత్రికి చేరాం. పార్కింగ్ డాలరున్నర. ఊళ్లోకి వచ్చాక దారి కోసం పెట్రోల్ బంకులో ఇద్దర్ని అడగాల్సి వచ్చింది కాబట్టి ఒక అరగంట ముందుగా బయల్దేరి ఉంటే బాగుండేది. నర్సు పేరు డోలోరెస్, నవ్వు ముఖం, స్పానిష్ యాస. తెల్లజుట్టు డాక్టరు మావారి కంటి ఒత్తిడి కొలిచి ముప్పై నాలుగు అన్నారు. ఇరవై దాటితేనే వాళ్లు కనుబొమలు ఎగరేస్తారు. నన్ను బయట కూర్చోమన్నారు. నేను మర్యాదగా కూర్చున్నాను. అదే నేను చేసిన తప్పు.

పదిగంటలకి మొదటి సిగరెట్. పదిన్నరకి కొలిచారు, ముప్పై నాలుగు. పదకొండుకి ముప్పై మూడు. పన్నెండుకి మళ్లీ ముప్పై నాలుగు. డాక్టరు బయటికొచ్చి నా పక్కన కూర్చుని, కొందరికి ఈ మందు పనిచేయదనీ, మధ్యాహ్నం రెండోసారి కూడా ఇలాగే ఉంటే ఆపరేషన్‌కి తేదీ చూసుకోవడం మంచిదనీ మెల్లగా చెప్పారు. మంచి మనిషి, చెప్పడం ఆయనకీ కష్టంగానే ఉంది.

బయట చెట్టు కింద బెంచీ మీద పులిహోర డబ్బా విప్పాను. "తలేమైనా తిరిగిందా? నోరెండిపోయిందా?" అని అడిగాను. అలా అవుతుందని వాళ్లిచ్చిన కాగితంలో ఉంది.

"ఏటీ అవలేదు. ఊరికే కంపు. ఇదా ఇంత పెద్ద గంజాయి?" అన్నారు.

"అంతే లెండి. గంజాయి వనంలో తులసి మొక్క మీరు. మిమ్మల్నేం చేస్తుంది?" అన్నాను. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తలకి కూడా ఎక్కని మందు కంటిదాకా వెళ్లిందా అసలు అని అనుమానం మొదలైంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఎవర్నీ అడగకుండా ఆయన వెనకాలే గదిలోకి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. డోలోరెస్ నా ముఖం చూసి, సరే ఉండమంది.

సిగరెట్ వెలిగించారు. మావారు కాలు మీద కాలు వేసుకుని, జమీందారులా రెండు వేళ్ల మధ్య పట్టుకున్నారు. పొగ పీల్చి, పుక్కిట నీళ్లు పట్టినట్టు బుగ్గలు పొంగించి, ఒక్క క్షణం ఉంచి, దర్జాగా వదిలేశారు. లోపలికి వెళ్లిన పొగంతా వెళ్లినట్టే తెల్లగా బయటికొచ్చింది. మా నాన్న సిగరెట్లు తాగేవారు. పీల్చాక మాట్లాడుతుంటే మాటల వెనకాల పల్చగా వచ్చేది పొగ. ఇదేమిటి మరి?

"ఆగండి, ఆగండి! పొగ మింగరేం?"

"మింగడం ఏటి? మా మామ్మ చుట్ట కాల్చడం నాను చూడలేదా? పొగ నోట్లోనే ఉండాల. లోపలికి పోతే ఊపిరితిత్తులు పాడవుతాయి."

వాళ్ల మామ్మ అడ్డచుట్ట కాల్చేది, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. పొగాకు పొలంలో పనిచేసే ఆడవాళ్లంతా అక్కడ అలాగేనట. జీవితంలో ఒక్క సిగరెట్ ముట్టని ఈయనకి పొగతాగడమంటే తెలిసింది అదొక్కటే. పొద్దున డోలోరెస్ పద్ధతి వివరించబోతే "ఐ నో, ఐ నో" అని తలూపారట. ఆవిడ నమ్మి, గడియారం చూసి టైము రాసుకోవడంలో పడింది. ఇంకా నయం, నిప్పువైపు నోట్లో పెట్టుకోలేదు.

నేను డోలోరెస్‌కి చుట్ట సంగతి ఇంగ్లీషులో చెప్పేసరికి ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వింది. మావారికి కోపం వచ్చింది. సిగరెట్ ఆర్పబోయారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మీకు దణ్ణం పెడతాను. చిన్నప్పుడు నాగావళిలో మునకేసేముందు ఊపిరి ఎలా పట్టేవారో అలా పట్టండి. పది లెక్కపెడతాను. నాకు భయంగా ఉందండీ," అన్నాను. భయమన్న మాట అన్ని నెలల్లో అదే మొదటిసారి పైకి అనడం. ఆయన నా వైపు తల పూర్తిగా తిప్పి చూశారు. అలా తిప్పితేనే నేను కనబడతాను. ఈసారి లోపలిదాకా పీల్చారు. దగ్గొచ్చి కళ్లనీళ్లు కారాయి. రెండోసారి అయిదు దాకా ఆపారు, మూడోసారి ఎనిమిది. డోలోరెస్ నాతో కలిసి స్పానిష్‌లో లెక్కపెట్టింది.

రెండుంబావుకి కొలిచారు, ఇరవై ఏడు. రెండుమ్ముప్పావుకి ఇరవై రెండు. మూడున్నరకి పంతొమ్మిది. డాక్టరు నమ్మలేక ఇంకోసారి కొలిచారు. మళ్లీ పంతొమ్మిదే. నేను అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను, డోలోరెస్ భుజం మీద చెయ్యి వేసింది. మావారు మాత్రం ఎర్రబడ్డ కళ్లతో తీరిగ్గా కూర్చుని, "ఆ పులిహోర ఇంకా ఉందేటే?" అన్నారు.

నాడి కుదుటపడేదాకా ఉంచి, అయిదింటికి పంపారు. మందు ఉచితం. ఆస్పత్రి ఫార్మసీలో చిన్న రేకు డబ్బా, దాని మీద ఆయన పేరు అంటించిన చీటీ, అది ఎప్పుడూ దగ్గర ఉంచుకోమని డాక్టరు సంతకంతో ఒక ఉత్తరం ఇచ్చారు. తాగాక నాలుగైదు గంటలు కారు ముట్టకూడదన్నారు. ఆ మాట నేను సంతోషంగా రెండుసార్లు చెప్పించుకున్నాను. తిరుగు దారిలో ఎడమవైపు కొండల మీద వాన కురుస్తోంది, మా రోడ్డు మీద మాత్రం ఎండ. మావారు దారి పొడుగునా మాట్లాడారు, ట్రక్కులు, లేన్లు, నా బ్రేకులు, ఏదీ వదల్లేదు. నేను ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.

ఆ డబ్బాలు నాలుగేళ్లు వాడారు. అంత సుఖమేం కాదు. మందు గుణం మూడు నాలుగు గంటలకే దిగిపోయేది, నోరెండిపోయేది, ఒక్కోసారి గుండె దడదడలాడేది. తర్వాత ఇంకో డాక్టరు చేతిలో ఆపరేషన్ బాగా కుదిరింది, గంజాయి అవసరం తీరింది. ఇప్పుడు మంచి చుక్కల మందులున్నాయి, గ్లాకోమాకి గంజాయి వాడమని కంటి డాక్టర్లు సాధారణంగా చెప్పరు. ఎవరూ మా కథ చదివి సొంత వైద్యం మొదలుపెట్టొద్దు. మాకు అది ఆ నాలుగేళ్లు కొనిచ్చింది, అంతే. ఆ నాలుగేళ్లలో ఆయన ఉద్యోగం ఉంది, మా ఇంట్లో నవ్వులున్నాయి. అసోసియేషన్‌లో అందరికీ తెలిసింది కూడా. ఒకాయన చాటుగా ఫోన్ చేసి, తన చెల్లెలికీ ఇదే జబ్బని, అప్లికేషన్ ఎలా పెట్టాలో చెప్పమని అడిగాడు.

ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్లకి ఒకటే చెబుతాను. మీ మనిషిని లోపలికి పంపించి బయట కూర్చోకండి. మాత్రైనా, చుక్కలైనా, ఊపిరితో పీల్చే మందైనా, ఎలా వేసుకుంటున్నారో నర్సు ముందు ఒకసారి చేసి చూపించమనండి. "నాకు తెలుసు" అంటే అసలు నమ్మకండి. ఇది రాసి మావారికి ఇచ్చాను. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఆ కుడికంటితోనే మొదటి నుంచి చివరిదాకా చదివి, మూడు అచ్చుతప్పులు పట్టుకున్నారు.