పిన్ని కొసరు

పోలీస్ స్టేషన్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. "చేపలమ్మా, టీ చెప్పు" అనేవాళ్ళు. యారాడలో చేపలు పట్టే ఇంటి పిల్లనని తెలిసిన మొదటి రోజే తగిలించిన పేరది. ఒకాయనైతే నేను పక్కన కూర్చోగానే ముక్కు మూసుకునేవాడు. నవ్వులాటకట! ఒళ్ళు మండేది. అయినా రోజూ రెండుసార్లు సబ్బు రుద్దుకుని డ్యూటీకి వెళ్ళేదాన్ని.

చిన్నప్పుడే అమ్మ పోతే నన్ను పిన్నే పెంచింది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి చదివించింది. నేను యూనిఫాం వేసుకున్న రోజు "ఓలమ్మో, మా గుంట పోలీసైపోనాది!" అని వీధంతా చెప్పుకొచ్చింది. తర్వాత ఓపిక తగ్గి మార్కెట్ బయట రోడ్డు పక్కన కూర్చుని అమ్మేది. నేను వెళ్తే, తూకం అయ్యాక గుప్పెడు నెత్తళ్ళు కొసరు వెయ్యనిదే కవరు కట్టేది కాదు.

ఒకరోజు రోడ్డు మీద అమ్మేవాళ్ళను లేపేయమని ఆర్డరు వచ్చింది. అక్కడున్నది ఆడవాళ్ళు గనక ఆడ కానిస్టేబుళ్ళనే ముందు నిలబెట్టారు. అందరూ లేచారు గానీ పిన్ని కదలలేదు. నన్ను చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"నువ్వయినా ఈయనకి సెప్పే గుంటా. మద్దేనం దాకా కూకుని లెగిసిపోతాను."

ఎస్సై నా వైపు తిరిగాడు. "మీవాళ్ళేనా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"కాదు సార్. ఎవరో" అన్నాను.

పిన్ని తట్ట నేనే లాగాను. చేపలు రోడ్డు మీద పడ్డాయి. ఆమె వంగి ఒక్కొక్కటీ ఏరుకుంటుంటే లాఠీ పట్టుకుని నిలబడ్డాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

వారం ఆగి, మామూలు చీరలో వెళ్ళాను. పక్క సందులో కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పిన్నీ..."

"ఏటి గావాలి మేడం గారూ?"

"తప్పైపోనాది పిన్నీ. నన్నొకసారి సూడు."

తలెత్తలేదు. కేజీ నెత్తళ్ళు తూచింది. తక్కెడ ముల్లు సరిగ్గా మధ్యకు వచ్చేదాకా ఒక్కొక్కటీ తీసేసి, కవరు కట్టి చేతికిచ్చింది.

నా వెనకాల నిలబడ్డ, ముక్కూ మొహం తెలియని ఆవిడకు మాత్రం గుప్పెడు కొసరు వేసింది.