రోజూ చేపలే

కొన్నేళ్లుగా నా మీద ఒక బరువుంది. నడుం వంగిపోయేంతదేం కాదు. మోస్తూనే బిర్యానీలు తిన్నాను, సెల్ఫీలు దిగాను. దింపడమే చేతకాలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను.

నిత్యావసరాల మీద రాయితీ తగ్గించాక పేదల తిండి ఏమవుతోందో చాలా దేశాల్లో ఒకేసారి కొలిచే సర్వేలో పనిచేశాను. మా దీవుల్లో వండూర్ వైపు ఇళ్లు నా వంతు. తరచుగా చేపో మాంసమో తింటే ఆ ఇల్లు బాగున్నట్టు లెక్క. ఎందుకు తింటున్నారో కూడా అడిగి ట్యాబ్‌లో నొక్కాలి; గతిలేక తింటే ఆ లెక్క చెల్లదు.

మొదటి ఇంట్లో ఒక మామ్మ చేపలు కడుగుతోంది.

"రోజూ చేపలేనా మామ్మా?"

"ఏటి చేస్తాం బాబూ? దాల్ కొనాలంటే పైసా కావాల. సబ్జీ షిప్పు మీద రావాల. మచ్చీ అయితే మా ముసిలోడు పట్టుకొస్తాడు."

"అయితే మాకంటే మీరే పెద్ద షేఠ్‌లు!"

పకపకా నవ్వింది.

పప్పు కొనలేక చేప తినడం మా దీవుల్లో లేమి. ఇక్కడే పుట్టినవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. కానీ పోర్ట్ బ్లెయిర్ బస్సుకి వేళయింది. 'ఎందుకు' అన్నచోట 'ఇష్టం' అని నొక్కాను. మిగతా ఇళ్లలో అడగనైనా లేదు, అందరికీ ఇష్టమే అంటగట్టాను. ఇంత ఘోరానికి కారణం కుట్రో ద్వేషమో అయితే కథకి బాగుండేది. బస్సు.

తర్వాత పోర్ట్ బ్లెయిర్‌లోనే, హాడోలో, ఫలితాల సమావేశం. చీకటి గదిలో, తెర మీద ఆ దేశాల్లోని ప్రాంతాలన్నీ చుక్కలై వెలిగాయి. ఎక్కడో కొండల్లో ఎవరో మానేసిన రొట్టె, మరెక్కడో ఎవరో సగం చేసుకున్న జావ, అన్నీ ఒకే ఆకాశంలో. ముఖాలు తెలియని అంతమంది ఆకలిని అలా ఒక్క చూపులో చూడొచ్చని నేనెప్పుడూ అనుకోలేదు. జోకు రాలేదు, నాకది అరుదు.

అప్పుడు మా దీవుల చుక్క వచ్చింది. చుట్టుపక్కలవన్నీ కిందికి జారుతుంటే అదొక్కటే పైకెక్కింది. ఇక్కడ రాయితీ మళ్లీ ఇవ్వనక్కర్లేదని తేల్చారు. చెయ్యెత్తి ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? ఉద్యోగం కోసమా? లేక ఆ ఆకాశంలో నా అబద్ధం కూడా అంత అందంగా మెరుస్తోందనా? అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇంకొకటి దాచాను. చివరి ప్రశ్న: జీవితం తృప్తిగా ఉందా? అదీ అడగలేదు. మామ్మ నవ్వింది కదా అని 'చాలా' అని నొక్కాను.

చెప్పేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. పప్పు మాత్రం ఆ ఇంటికి చేరలేదు.