కుడి నుంచి చదివిన చార్టు

మధ్యాహ్నం పూట కళ్లు మూసుకుంటే నాకు ఇప్పటికీ మగ్గం చప్పుడు వినబడుతుంది. మగ్గం అమ్మేసి చాలాకాలమైంది. అది ఉండిన గుంతను సిమెంటుతో పూడ్చి, దాని మీదే మంచం వేసుకున్నాను. ప్రొద్దుటూరు ఎండకు వీధి వీధంతా సోలిపోయే వేళ అక్కడ పడుకుంటే, నేల లోపల ఎవరో మెల్లగా నేస్తున్నట్టే ఉంటుంది.

ఆ రోజు ఆ చప్పుడులోకి ఇంకొక గొంతు వచ్చి కలిసింది. ప్రాణం లేని ఆడగొంతు. "బటన్. బటన్. గ్రాఫిక్. బటన్."

అది మా అక్క కూతురి కంప్యూటరు. మేనకోడలికి పుట్టుకతోనే చూపు లేదు. జమ్మలమడుగులో టీచరు. తెర మీద ఉన్నదాన్ని ఆ గొంతు చదివి వినిపిస్తే, ఈమె మీటలు నొక్కి పని చేసుకుంటుంది.

మరుసటి రోజు పులివెందులలో టీచర్ల సమావేశం. ఏ నెలలో ఎందరు పిల్లలు బడికి వచ్చారో చార్టు గీసి చూపాలి. శనగ కోతలప్పుడు బెంచీలు ఖాళీ అవుతాయనీ, కోతలయ్యాక ఆ పిల్లలకు విడిగా పాఠాలు చెప్పనివ్వాలనీ ఆమె అడగదలచుకుంది. పోయిన ఏడాది చార్టును తోటి సారు గీశాడు. గీసినవాడే లేచి మాట్లాడాడు, శనగల మాటే మరిచిపోయాడు. ఈమె కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చింది. ఈసారి తానే గీయాలి, తానే నిలబడాలి.

ఇంటర్నెట్టులో చార్టులు గీసుకునే చోట్లు చాలా ఉన్నాయి. మొదటిదాంట్లో అన్నీ మౌసుతో పట్టుకుని లాగాలి. ఎక్కడ పట్టుకోవాలో కనబడని మనిషి ఏం లాగుతుంది? బటన్ అని చెప్పే గొంతు, అది దేనికో చెప్పదు. తలుపు పెట్టి, గడియను మనిషికి అందనంత ఎత్తున బిగించినవాణ్ని ఏమనాలి? నాకు ఒళ్లు మండింది.

"ఇది చేసినోడు యాడుంటాడుమే? వాని కండ్లకు గంతలు కట్టి, ఇప్పుడు గీయిరా నాయనా అనాల!"

"నువ్వు అరిస్తే దీని గొంతు నాకు ఇనపళ్లేదు మామా. రోంతసేపు ఊరకుండు."

రెండో చోట మీటలు పనిచేశాయి. అంకెలన్నీ తానే కొట్టింది. చార్టు వచ్చింది. ఎలా వచ్చిందో మాత్రం ఆ గొంతు చెప్పదు. "గ్రాఫిక్" అంటుంది, అంతే.

"నువ్వు సూసి చెప్పు మామా. నెలకొక కడ్డీ ఉంటాది. జూన్ మొదలు, ఏప్రిల్ ఆఖరు. యాడ పొట్టివైనాయి?"

తెరను ముఖం దగ్గర పెట్టుకుని చూశాను. తెల్లటి నేల మీద నీలి కడ్డీలు. ఎండా, ఫ్యాను గాలీ, ఆ నీలమూ కలిసిపోయి, అది నా చేతి కింద సాగుతున్న చీర అంచు అనిపించింది. కింద నెలల పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. నేను బడికి పోనివాణ్ని. నూలు కట్టలకు చుట్టి వచ్చే పాత పేపర్ల మీద తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు ఏ కట్టకూ చుట్టి రాలేదు. అందుకని గోటితో తడుతూ లెక్కపెట్టాను.

"మూడోది, నాలుగోది. ఆగస్టు, సెప్టెంబరు. శానా కుంగినాయి."

ఆమె వేళ్లు ఆగిపోయాయి. "ఆగస్టులో శనగ ఇత్తనమన్నా ఎయ్యరు గదా. ఇంగ యాడ కోస్తారు?"

"నాకేం తెలుసు? ఈడ అట్లే ఉండాది."

అంకెలను మళ్లీ చదివించుకుని వింది. అవి సరిగానే ఉన్నాయి. అయితే గీతే తప్పు వచ్చిందనుకుంది. సాయంత్రం లోపల పంపాలి. కాసేపటికి ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఆ సారుకే చెప్తా. గీసిస్తాడులే."

ఆ "లే" నాకు గుచ్చుకుంది. పట్టుబట్టి మళ్లీ మొదటి నుంచి తట్టాను. ఆమె తల ఎత్తింది.

"మామా, నేను నీకు కుడిపక్క గదా ఉండేది. నీ గోరు చప్పుడు నా దగ్గిర్నుంచి మొదలైతాంది. యా పక్కనుంచి లెక్కపెడతాండావు?"

"ఇంగ యా పక్కనుంచి? కుడిపక్కనుంచే!"

మా మగ్గం మీద చీర ముఖం కిందికి ఉంటుంది. నేసేవాడు చూసేది వెనుక వైపు. అందుకే గళ్ల కాగితం మీది అంచు డిజైనును మేం కుడి నుంచి చదివి నేసేవాళ్లం. చీర తిప్పితే సరిగ్గా కనబడేది. అలా చదివీ చదివీ అరిగిన కళ్లు ఇవి.

ఆమె ఫోను పక్కన పడేసి పడీ పడీ నవ్వింది. "ఇది చేసినోళ్లు సూపీకపోతే పోనీ, నువ్వు నా బడినే తిరగేసినావు గదా మామా!"

ఎడమ నుంచి లెక్కపెడితే ఆ పొట్టి కడ్డీలు జనవరి, ఫిబ్రవరి. సరిగ్గా శనగ కోతలు.

పంపే ముందు చార్టు కింద నాలుగు మాటలు కొట్టింది. కడ్డీలు ఎక్కడ ఎత్తున్నాయో, ఎక్కడ కుంగాయో, ఎందుకో. అవెందుకని నేనడిగితే, "రేపు నాలాంటోళ్లు దీన్ని తెరిస్తే వాళ్లకు మామ యాడ దొరుకుతాడు?" అంది.

పులివెందులలో గోడ మీద ఆ నీలం వెలిగింది. ఆమె నిలబడి నెల నెలా చెప్పుకుంటూ పోయింది. తోడు వచ్చినవాణ్ని, పక్క కుర్చీలో కూర్చున్నాను. అంతా విని, సమావేశం నడిపే పెద్దసారు నా వైపు తిరిగాడు.

"బాగుండాది. ఎవురు గీసినారు పెద్దాయనా?"

"గీసినామె నీ ముందర నిలబడుకోనుండాది. నన్నడుగుతావేంది సారూ?"

"మామ చేతికిస్తే ఆగస్టులోనే శనగలు కోస్తాడు సార్," అంది ఆమె. ఎందుకో తెలియకపోయినా అందరూ నవ్వారు. ఆయన గొంతు సవరించుకుని, కోతలయ్యాక పాఠాలు ఏ వేళలో పెట్టుకుంటావమ్మా అని అడిగాడు. ఈసారి ఆమెనే అడిగాడు.

తిరిగి వచ్చేటప్పుడు ముద్దనూరు దాటాక దున్నిన నల్లరేగడి చేలు సాయంత్రపు వెలుగులో ఊగుతూ వెనక్కిపోయాయి. బస్సు పెన్నా వంతెన ఎక్కేసరికి నాకు మగ్గం చప్పుడు మళ్లీ మొదలైంది. ఆమె నిద్రపోతోందనుకున్నాను. ముందు సీటు కడ్డీ మీద ఆమె వేలు మెల్లగా తడుతూ పోతోంది, జూన్, జూలై, ఆగస్టు. ఎడమ నుంచి.