ఐదు స్పీకర్ల హాజరు

మా అత్తగారు పోయారన్న కబురు నాకు షేర్ ఆటోలో అందింది. నేను స్టాఫ్ నర్సుని. ఆ రోజు గంపలగూడెం నుంచి వినగడపకి టీకాల డ్యూటీ మీద వెళ్తున్నాను. టీకాల డబ్బా ఒళ్ళో ఉంది. తిరువూరు నుంచి పక్కింటావిడ ఫోను. "మీ అత్తగారు ఇక లేరమ్మా. వరండాలో ములక్కాడలు కోస్తూ కోస్తూ అలా ఒరిగిపోయారు" అంది. ఆటో వెనక్కి తిప్పమన్నాను. ఇంకో ఆరుగురున్నారు మేడం, ఎట్లా తిప్పేది అన్నాడతను. దిగిపోయి ఆ డబ్బా పట్టుకుని నడవడం మొదలుపెట్టాను. తిరువూరు అక్కడికి ఎంత దూరమో నాకు తెలీదా? తెలుసు. కానీ నిలబడి ఇంకో బండి కోసం చూడటం నా వల్ల కాలేదు. నేనంతే. ఆవిడ ముప్ఫై మూడేళ్ళు ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించిన మనిషి. నిదానం ఆవిడ ఒంట్లో ఉంది, నా ఒంట్లో లేదు. ఆ తేడాతోనే మా ఇద్దరికీ పద్నాలుగేళ్ళు గడిచాయి.

ఆవిడ గురించి చెప్పాలంటే మా హాల్లో ఉన్న హోమ్ థియేటర్ గురించి చెప్పాలి. నవ్వకండి. మావారు మామిడికాయల వ్యాపారం చేస్తారు. ఒక ఏడాది కాపు బాగుందని, స్పీకర్లకి మాట పంచే రిసీవర్ డబ్బా, ఐదు స్పీకర్లు కొనుక్కొచ్చి, వారం రోజులు ఇల్లు దద్దరిల్లేలా సినిమాలు చూసి, విసుగొచ్చి అటక మీద పడేశారు. తర్వాత మా మామగారికి నీటికాసులు వచ్చి చూపు పోయింది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. రోజంతా జనం మధ్య తిరిగినవాడు, కుర్చీకి అతుక్కుపోయారు. టీవీ పెడితే అందులోంచి వచ్చే సన్నటి గొంతుల్లో ఎవరు ఎవరో ఆయనకి తెలిసేది కాదు. "అందరూ ఒకే చోట నిలబడి గొణుగుతున్నట్టుంది టీచరమ్మా" అనేవారు. భార్యని ఎప్పుడూ టీచరమ్మా అనే పిలిచేవారు.

అప్పుడు ఆవిడ అటక మీదనుంచి ఆ రిసీవర్ దింపించారు. దాంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, నెల రోజులు కూర్చున్నారు. రిసీవర్ వెనకాల అన్ని రంధ్రాలు చూస్తే నాకైతే కళ్ళు తిరిగేవి. ఆవిడ నా బ్యాగులోంచి ప్లాస్టరు తీసుకుని, ముక్కలు కత్తిరించి, ఒక్కో రంధ్రం పక్కన ఒకటో తరగతి పలక మీద రాసినట్టు గుండ్రంగా రాసి అంటించారు. "టీవీ." "కేబుల్ డబ్బా." ఆ రెంటి నుంచీ రిసీవర్‌కి సన్నటి నల్ల తీగలు వచ్చాయి. వాటిలో కరెంటు ఉండదట, ఎర్రటి వెలుగు వెళ్తుందట, ఆ వెలుగునే రిసీవర్ మాటగా మారుస్తుందట.

"ఏవండీ, ఈ తీగలో వచ్చేది వెలుగేనండీ" అని ఆయన అరచేతికి ఆ కొస తాకించారు.

"వెలుగైతే నాకెందుకులే, టీచరమ్మా" అన్నారాయన. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నేను వంటింట్లో ఉండి విన్నాను.

ఆ నల్ల తీగల కొసలకి కొన్నప్పుడు చిన్న చిన్న ప్లాస్టిక్ మూతలుంటాయి. గాజులాగా ఉంటాయి, మినపగింజంత. మనమైతే పారేస్తాం. ఆవిడ ఖాళీ బామ్ సీసాలో దాచి, ఆయన కుర్చీ పక్క సొరుగులో పెట్టారు. "తీగ ఊడితే మూత పెట్టాలి. కొసలో దుమ్ము పడితే వెలుగు మసకబారుతుంది" అని ఇంట్లో అందరికీ పాఠం చెప్పారు. నేను వినలేదు. ఆవిడ పాఠాలు వినడానికి నాకు టైమేదీ?

ఇక పొద్దున్నే హాజరు. రిమోట్‌లో ఒక బటన్ ఉంది, నొక్కితే ఐదు స్పీకర్లలోంచి ఒకదాని తర్వాత ఒకటి 'ష్...' అని చప్పుడొస్తుంది, విజిల్ వెయ్యబోయే ముందు కుక్కర్‌లో ఆవిరి లాగా. అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి అది. ఆవిడ దాన్ని క్లాసు చేసేశారు. ఐదు స్పీకర్లకీ ఇంట్లో ఐదుగురి పేర్లు. ముందు ఎడమది మామగారు. మధ్యది ఆవిడ. "మాటలన్నీ మధ్యదాంట్లోంచే వస్తాయి, అందుకని అది నేనే" అనేవారు. కుడిది మావారు. వెనక కుడివైపు మా పాప. వెనక ఎడమవైపు, అన్నింటికన్నా చివర, నేను.

చప్పుడు వచ్చిన చోటల్లా ఆవిడ పేరు పిలవడం, మామగారు ఆ వైపు ముఖం తిప్పి "హాజరు టీచరమ్మా" అనడం. మావారు ఊళ్ళో ఉంటే తనే పలికేవారు, లేకపోతే ఆయన బదులు మామగారే. పాప ఎనిమిదో తరగతి, జడ వేసుకుంటూనే "ప్రెజెంట్" అని అరిచేది. చివరికి "కోడలు" అని పిలుపు. నేను టిఫిన్ డబ్బా కడుతూనో, చెప్పులేసుకుంటూనో, "అత్తయ్యా, ఆటో వెళ్ళిపోతుంది, ఆ చప్పుడు ఆపండి ముందు" అనేదాన్ని.

"కోడలు గైర్హాజరు" అనేవారు ఆవిడ, రాసుకుంటున్నంత నిదానంగా.

"ఒకళ్ళు ఎక్కలేదు, బండి ఆపు" అనేవారు మామగారు. అందరూ పలికితేనే ఆయన నోట "రైట్ రైట్" రావాలి. మూడేళ్ళలో నా మూలాన ఒక్కరోజూ రాలేదు.

మూడేళ్ళండీ. ఒక్క మాట అనడానికి నాకేం పోయింది? ఆవిడ పోయిన రోజు పొద్దున కూడా పిలిచారు. నేను అప్పటికే గేటు దాటాను.

ఫ్రీజర్ బాక్సు పెట్టడానికి హాల్లో చోటు కావాలి. మనుషులు వచ్చి టీవీ పక్కకి లాగారు, స్పీకర్లు గదిలో కుప్ప పోశారు, తీగలన్నీ పీకేశారు. పీకమన్నది నేనే. పాస్టరుగారొచ్చే టైమైందని అందరినీ తొందరపెట్టాను. మామగారు మూల కుర్చీలో కూర్చుని "ఆ తీగలు ఇటివ్వండి, నా దగ్గర పెట్టండి" అంటుంటే, పిచ్చి బెంగ అనుకుని తీగల చుట్ట ఆయన ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాను.

సమాధి కార్యక్రమం, ఆదరణ కూడిక, చుట్టాల భోజనాలు అన్నీ అయ్యాయి. ఇల్లు ఖాళీ అయ్యాక తెలిసింది ఎంత నిశ్శబ్దంగా ఉందో. మామగారు ఏమీ అడగలేదు. అన్నం సగం తినేవారు. స్పీకర్లు ఉండాల్సిన వైపు ముఖం పెట్టి కూర్చునేవారు. సోమవారం నుంచి నాకు డ్యూటీ. మావారు రెడ్డిగూడెం తోటల్లో ఉంటారు, పాప బడిలో. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆయన ఆ మౌనంలో ఒక్కరే కూర్చోవాలి. అది తల్చుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

శుక్రవారం స్పీకర్లన్నీ మళ్ళీ పెట్టాను. ఆవిడ రాసిన ప్లాస్టర్లు చూసి తీగలన్నీ గుచ్చాను. టీవీలో బొమ్మ వచ్చింది. మాట రాలేదు. పీకి గుచ్చాను. రాలేదు. నల్ల తీగ నిలవకుండా జారిపోతుంటే, సెలైన్ సూదికి అంటించినట్టు దాని మీద ప్లాస్టరు అంటించాను. అయినా రాలేదు. శనివారం రిపేరు షాపుకి ఫోన్ చేశాను. "పాతది కదా మేడం, పోయుంటది. కొత్తది తీసుకోండి" అన్నాడు. రిసీవర్ నెత్తిన ఒక్కటిచ్చాను కూడా. ఆ హాజరు బటన్ జోలికి మాత్రం వెళ్ళలేదు. ఆ చప్పుడు వస్తే నేను తట్టుకోలేను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి నేల మీద చతికిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఆవిడ నాతో వందసార్లు అన్న మాట గుర్తొచ్చింది. "మధ్యలో దూకకు అమ్మాయ్. తీగ పుట్టిన చోటు నుంచి నడిచి రా." సరే అనుకుని టీవీ వెనక్కి పాక్కుంటూ వెళ్ళాను. నల్ల తీగ కొస ఊడదీసి కళ్ళజోడు పెట్టుకుని చూశాను. కొస మీద ఏదో మెరిసింది. గోటితో గీకితే ఊడి అరచేతిలో పడింది. మూత.

రెండో కొస చూశాను. మూత. కేబుల్ డబ్బా తీగకీ రెండు కొసలా మూతలే. నేను మూడు రోజులుగా మూతలతో సహా గుచ్చుతున్నాను. రోగికి సూది టోపీ తియ్యకుండా ఇంజక్షన్ చేసినట్టు.

"మామయ్యా, ఈ మూతలు ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఆ రోజు నువ్వు తీగలు నా ఒళ్ళో వేశావు కదా. అందరూ ఏడుస్తున్నారు. నాకు కనపడదు, లేవలేను, ఆమెకి నేను చెయ్యగలిగింది ఏముంది? సొరుగులో సీసా తీసి తడుముకుంటూ నాలుగూ పెట్టాను. తీగ ఊడితే మూత పెట్టాలని చెప్పింది కదా."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు తొందరలో ఉన్నావు తల్లీ. తెలుసులే అనుకున్నాను."

అన్ని కొసలకీ మూతలు తీసి గుచ్చాను. 'టక్' మంది. టక్‌మంటేనే లోపలికి వెళ్ళినట్టు అని కూడా ఆవిడ చెప్పారు, అదీ వినలేదు నేను. మధ్య స్పీకర్‌లోంచి ఎవరో వార్తలు చదవడం మొదలుపెట్టారు. మామగారు కుర్చీలో నిటారుగా కూర్చుని, ఆ రాత్రి అన్నం రెండోసారి అడిగారు.

సోమవారం పొద్దున బ్యాగు భుజాన వేసుకున్నాను. బయట ఆటో హారన్ కొడుతోంది. ఎప్పటిలాగే నా కాళ్ళు ఒకచోట ఆగట్లేదు. గడప దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, రిమోట్ తీసి ఆ బటన్ నొక్కాను.

ఎడమ స్పీకర్లో 'ష్...' అంది. మామగారు ఉలిక్కిపడ్డారు. తర్వాత నెమ్మదిగా "హాజరు" అన్నారు.

మధ్యది పలికింది. ఆయన అటు ముఖం తిప్పి ఆ చప్పుడు అయ్యేదాకా విన్నారు. "దిగిపోయింది" అన్నారు.

కుడిది. మావారు వంటింటి గుమ్మంలో నిలబడి హాజరన్నారు. వెనక కుడిది. పాప అరవలేదు, మెల్లగా చెప్పింది. చప్పుడు నా వెనక్కి వచ్చింది. పిలిచేవాళ్ళు లేరు.

"హాజరు అత్తయ్యా" అన్నాను.

మామగారి ముఖం నా వైపు తిరిగింది. ఆటోవాడు ఇంకోసారి హారన్ కొట్టాడు. ఆయన కుర్చీ చెయ్యి మీద వేళ్ళతో రెండుసార్లు తట్టి, "రైట్... రైట్" అన్నారు.