దుమ్ము మీద పడ్డ వెలుగు

నేను రెండేళ్లు చేత్తో అరగదీసిన టెలిస్కోపు అద్దం అది. పెద్ద నక్షత్రం పక్కనుండే చిన్న చుక్కను ఎంతకూ చూపించలేదు. విసిగిపోయి, మొదటినుంచీ మళ్లీ సానబట్టిద్దామని అద్దాన్ని పెట్టెలో సర్దుకుని మాచర్లలో నరసరావుపేట బస్సెక్కాను.

కారంపూడిలో ఎక్కి పక్కన కూర్చున్న పెద్దాయన చేతులనిండా సున్నం. నేను పెట్టె తెరవగానే లోపలికి తొంగిచూశాడు.

“ఏంది అబ్బాయ్ ఇంత దుమ్ము?” అంటూ తువ్వాలు కొస ఉమ్మితో తడిపాడు.

గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాను. “తుడిస్తే గీతలు పడతాయి. దుమ్ము కప్పింది నూటికి ఒక వంతే, పోయే వెలుగూ అంతే. లెక్క వేశాను.” ఈ మాట అందరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

“దుమ్ము మీద పడ్డ వెలుగు యాడికి పోద్ది మరి?”

“ఎటో పోతుంది.”

“ఎటో ఏంది, అటు చూడు.”

ఎదురెండకు బస్సు ముందద్దం మీది దుమ్మంతా తెల్లగా మెరుస్తోంది. డ్రైవరు మెడ చాచి రోడ్డు వెతుక్కుంటున్నాడు.

“ఆయనకి రోడ్డు కనపడంది వెలుగు చాలకనా? చానా ఎక్కువై గదా.”

నాకు ఒళ్లు మండింది. పోయిన వెలుగునే లెక్కపెట్టాను. పెద్ద నక్షత్రం వెలుగు దుమ్ము మీద చెదిరి చిన్న చుక్కను కప్పేస్తుందని తట్టనే లేదు. ఆ ఉక్రోషంలో ఆయన పేరైనా అడగలేదు.

నరసరావుపేటలో దిగి, సానబట్టించకుండానే, ఇంటికెళ్లి అద్దాన్ని నీళ్లతో కడుగుదామని తిరిగి మాచర్ల బస్సెక్కాను.